గోడకి అవతల ఉన్నది నేను కాదు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. మా నరసాపురంలో ఎవరైనా రేవు దగ్గర ఏదో కనిపించిందని మొదలుపెడితే, ఎంత దూరంలో కనిపించింది, అప్పుడు వెలుతురు ఉందా, నీతో ఇంకెవరున్నారు అని అడిగి వాళ్ళ నోరు మూయించేదాన్ని. ఇప్పుడు అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో ఒక బయోటెక్ కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను. ఎవరేం చెప్పినా ఆధారం చూపించమని పీడించడమే నా ఉద్యోగం.

అలాంటి నేను కూర్చుని ఇది రాయాల్సి వచ్చినందుకు నాకే విసుగ్గా ఉంది. కానీ మా చర్చిలో ఈ సంగతి నన్ను ఒక్క మాట అడక్కుండా మైకులో చెప్పేశారు. అక్కడి నుంచి అది నోటికొచ్చినట్టు మారిపోయింది. మొన్న ఒకావిడ ఫోన్ చేసి, తెల్లటి రెక్కలు కనిపించాయట కదా అని అడిగింది. ఏ రెక్కలూ లేవు. జరిగింది జరిగినట్టు ఒక్కసారి చెప్పేస్తే నా పని అయిపోతుంది.

అసలు మేము వెళ్ళాలనుకున్నది యూరప్. మధ్యధరా సముద్ర తీరం. చిన్నప్పుడు సండే స్కూలు గోడ మీద మ్యాపులో నీలం రంగులో చూసిన ఆ సముద్రాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని రత్నకుమార్ అన్నయ్య కోరిక. ఆయన మా చర్చిలో మాకు బాగా దగ్గరైన మనిషి, టూర్లు ప్లాన్ చెయ్యడం ఆయనకి పిచ్చి. తీరా టికెట్లు కొందామనుకునేసరికి వీసా భయం పట్టుకుంది. అందరివీ హెచ్‌వన్‌బీలే. దేశం దాటితే తిరిగి రావడానికి స్టాంపింగ్ కావాలి, స్టాంపింగ్‌కి వెళ్ళి నెలల తరబడి ఇరుక్కుపోయినవాళ్ళ కథలు మా అందరికీ కంఠతా వచ్చు. మా ఆయన విజయ్, రిస్క్ వద్దు, ఈ ఏడాదికి మానేద్దాం అన్నారు.

అన్నయ్య మానేస్తే కదా. "కాలిఫోర్నియా కోస్ట్ క్లైమేట్ అచ్చం మెడిటరేనియనే చెల్లెమ్మా! అదే ఎండ, అవే కొండలు, అవే నీళ్ళు. పాస్‌పోర్ట్‌తో పనే లేదు" అని వారం తిరక్కుండా అన్నీ బుక్ చేసేశారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి రెండు వ్యాన్‌లు అద్దెకి తీసుకున్నాం. ముందు వ్యాన్‌లో అన్నయ్య, ఆయన భార్య ప్రమీల అక్క, వాళ్ళమ్మాయి జెస్సీ. వెనక వ్యాన్‌లో విజయ్, నేను, మా అమ్మాయి హన్నా, మాతోపాటు ప్రమీల అక్క వాళ్ళమ్మగారు. ఆవిడ పాలకొల్లు నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చారు. అందరం మామ్మగారు అనే పిలుస్తాం. హన్నాకి అప్పుడు ఎనిమిదేళ్ళు.

ఆ టూర్ గురించి చెప్పాలంటే, తిట్టడానికి నాకు ఒక పూట పడుతుంది. అన్నయ్యకి చూడ్డం కాదు, కవర్ చెయ్యడం ముఖ్యం. లైట్‌హౌస్ కవర్ చెయ్యాలి, పాత మిషన్ చర్చి కవర్ చెయ్యాలి, సీల్స్ పడుకునే బీచ్, కొండల మధ్య కట్టిన వంతెన, నీళ్ళలో కమానులా నిలబడ్డ రాయి, అన్నీ కవర్ చెయ్యాలి. దిగడం, వరసగా నిలబడడం, ఎవరో ఒక తెల్లాయన చేతిలో ఫోన్ పెట్టి ఫొటో తీయించుకోవడం, ఎక్కడం. సముద్రం ఎప్పుడూ మా వీపు వెనకే ఉంది. నేను దాన్ని సరిగ్గా చూసింది తర్వాత ఫొటోల్లోనే.

దీనికి తోడు ప్రార్థన. ప్రయాణం మొదలుపెట్టే ముందు ప్రార్థన చేసుకోవడం మా ఇళ్ళల్లో మామూలే. మా నాన్న బస్సెక్కే ముందు కూడా చేసేవారు, రెండు ముక్కల్లో ముగించేవారు. అన్నయ్య అలా కాదు. ప్రతి పాయింట్ దగ్గరా బయల్దేరే ముందు రెండు వ్యాన్‌లనీ పక్కపక్కన పెట్టించి, అందరికీ వినబడాలని తలుపులు తీయించి, మధ్యలో నిలబడి గట్టిగా ప్రార్థన చేస్తారు. టైర్లు, బ్రేకులు, ఎదురొచ్చే బండ్లు అయ్యాక, గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్లు, నోవైలో ఉద్యోగం పోయిన వాళ్ళ తమ్ముడు, ఇండియాలో ఎవరిదో మోకాలి ఆపరేషన్. అంతసేపూ మేము కళ్ళు మూసుకుని కూర్చోవాలి. పిల్లలు కదిలితే ఊరుకోరు.

రెండో రోజు పొద్దున జరిగింది ఇది. ఆ చోటు పేరు మాత్రం చెప్పను, చెబితే రేపీపాటికి వీడియోలు తీసేవాళ్ళు అక్కడ చేరతారు. పాత రోజుల్లో ఓడలకి సరుకు ఎక్కించిన చోటట, బోర్డు పెట్టారు. కాపలావాడి ఇల్లు ఉండేదట, ఇప్పుడు దాంట్లో ఒక్క గోడే మిగిలింది. నా కంటే రెండింతల ఎత్తు ఉంటుంది. రోడ్డు వైపు ఆ గోడని ఆనుకుని రాతి అరుగు ఉంది. గోడకి పక్కనుంచి కొండ అంచు వెంబడి మోకాలి ఎత్తు పిట్టగోడ, దాని కింద సముద్రం.

ఆ పూట మంచు దట్టంగా ఉంది. కెరటాల చప్పుడు తప్ప నీళ్ళు కనబడ్డం లేదు. ఏమీ కనబడని చోట వ్యూపాయింట్ ఏమిటి, పోదాం పదండి అన్నాను. అయినా ఫొటో దిగాం. దిగి వ్యాన్ ఎక్కాం.

హన్నా ఎక్కడం నేను చూశాను. మూడో వరస దానిది. మధ్య వరసలో మామ్మగారు, ఆవిడ పక్కన సూట్‌కేసులు, తినుబండారాల కూలర్, దిళ్ళు. ముందు సీట్లోంచి చూస్తే వెనక వరస కనబడదు. బెల్ట్ పెట్టుకో అని చెప్పాను. అంతలో అన్నయ్య ప్రార్థన మొదలుపెట్టారు. కళ్ళు మూసుకున్నాను.

ఆమెన్ అన్నాక విజయ్ బటన్ నొక్కారు, పక్క తలుపు మూసుకుంది, బయల్దేరాం.

హన్నా లోపల లేదు. తన ఊదారంగు నీళ్ళ సీసా పిట్టగోడ మీద మర్చిపోయిందని గుర్తొచ్చి, మేమంతా కళ్ళు మూసుకున్నప్పుడు ఎవర్నీ కదిలించకుండా మెల్లగా దిగి వెళ్ళింది. ప్రార్థన మధ్యలో మాట్లాడితే కోప్పడతారని చెప్పలేదట. ఇంతవరకూ ఎవరైనా అర్థం చేసుకోగలరు. మాలాంటివాళ్ళు చెయ్యగల తప్పే. ఇక్కణ్ణుంచే నాకు అర్థం కానిది.

రోడ్డెక్కగానే నేను వెనక్కి తిరక్కుండానే అడిగాను, "హన్నా, బెల్ట్ పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా మమ్మీ" అని వెనకనుంచి జవాబొచ్చింది.

అది హన్నా గొంతు. కన్నతల్లిని, నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మలుపులు మొదలయ్యాక, దానికి కారు పడదు కాబట్టి, కడుపులో తిప్పుతోందా అని అడిగాను. లేదు మమ్మీ అంది. విజయ్ కూడా ఇంగ్లీషులో ఏదో అడిగారు. యా డాడీ అంది. మామ్మగారు చెక్కల ప్యాకెట్ తలమీదుగా వెనక్కి అందించారు, అందుకుంది. కాసేపయ్యాక, నిద్రొస్తోంది మమ్మీ అంది. పడుకో అన్నాను. దారిలో ఒకచోట రోడ్డు పనులు చేస్తున్నారు, రెండు వైపుల బండ్లూ వంతులవారీగా వెళ్ళడానికి ఒక్క లేనే వదిలారు. అప్పుడు మా వైపు బండ్లని వదులుతున్నారు కాబట్టి ఆగకుండా దాటేశాం. నేను హాయిగా సీటు వెనక్కి వాల్చి కూర్చున్నాను.

దాదాపు అరగంట తర్వాత కమాను రాయి దగ్గర ఆగాం. మంచు విడిపోయింది, బ్రహ్మాండమైన ఎండ. హన్నాని లేపడానికి నేను వెనక తలుపు తీశాను.

సీటు ఖాళీగా ఉంది. బెల్ట్ మాత్రం పెట్టి ఉంది. ఖాళీ సీటుకి అడ్డంగా, క్లిప్పు బిగించి ఉంది. చెక్కల ప్యాకెట్ విప్పకుండా సీటు మీద ఉంది.

నాకు మొదట వచ్చింది భయం కాదు, చిరాకు. దిగి జెస్సీ దగ్గరికి పరిగెత్తి ఉంటుంది, చెప్పకుండా ఎలా దిగుతుంది అనుకున్నాను. ముందు వ్యాన్ దగ్గరికి వెళ్ళి చూశాను. జెస్సీ, హన్నా మీతోనే కదా ఆంటీ అంది. ప్రమీల అక్క మొహం చూశాక అప్పుడు నాకు అర్థమైంది. ఆ మంచులో, ఆ మోకాలి ఎత్తు పిట్టగోడ దగ్గర నా కూతురు ఒక్కతే ఉంది.

ఫోన్లలో సిగ్నల్ లేదు. అన్నయ్య చేతులు జోడించి, ఒక్క నిమిషం ప్రార్థన చేద్దాం చెల్లెమ్మా అన్నారు.

"అన్నయ్యా, ఇంక ఎవరూ కళ్ళు మూసుకోవద్దు!" అని అరిచాను. ఆయన్ని నేను అలా అనడం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే ఇప్పటికీ బాధేం లేదు.

మామ్మగారిని వాళ్ళ దగ్గర వదిలి విజయ్, నేనూ వ్యాన్ వెనక్కి తిప్పాం. ఈసారి రోడ్డు పనుల దగ్గర ఆపేశారు. ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. నేను దిగి స్టాప్ బోర్డు పట్టుకున్న మనిషి దాకా పరిగెత్తి, నా బిడ్డ అక్కడ ఉండిపోయిందని చెప్పాను. ఆయన పాపం వెంటనే రేడియోలో అవతలివాళ్ళతో మాట్లాడాడు. అయినా అటునుంచి బయల్దేరిన బండ్లు దాటేదాకా ఆగక తప్పలేదు. ఒక్కో బండీ తాపీగా వస్తుంటే వాటిలో కూర్చున్నవాళ్ళందర్నీ తిట్టుకున్నాను. ఒకాయన నాకు చెయ్యి కూడా ఊపాడు.

వ్యాన్‌లోకి తిరిగొచ్చి కూర్చున్నాక విజయ్ నెమ్మదిగా అన్నారు, "సునీ, మరి ఇందాకటి నుంచి మనతో మాట్లాడింది ఎవరు?"

వెనక్కి తిరిగి మూడో వరస వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.

మేం చేరేసరికి ఆ మలుపులో మంచు ఇంకా అలాగే ఉంది. వ్యాన్ పూర్తిగా ఆగకముందే దిగాను. పిట్టగోడ మీద ఊదారంగు సీసా ఉంది. పక్కన ఎవరూ లేరు. ఆ క్షణం గురించి నేను రాయను.

"హన్నా!" అని అరిచాను. ఇంటి గోడ వైపునుంచి, "ఏంటి మమ్మీ?" అని మామూలుగా పలికింది.

రాతి అరుగు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఏడుపు లేదు, భయం లేదు. నేను వెళ్ళి దాన్ని వాటేసుకున్నాను. వెంటనే తిట్టడం కూడా మొదలుపెట్టాను. చెప్పకుండా ఎందుకు దిగావు, బుద్ధుందా, పడిపోతే ఏమయ్యేది అని, నోటికొచ్చినవన్నీ. అది నా మొహం వైపు వింతగా చూసింది. తర్వాత తిరిగి గోడ వైపు చూసింది.

"నువ్వు ఇటు నుంచి ఎలా వచ్చావ్?" అని అడిగింది.

తర్వాత వ్యాన్‌లో విజయ్ మెల్లిగా అడిగితే చెప్పింది. వ్యాన్‌లు వెళ్ళిపోవడం చూసి, ఏం చెయ్యాలో తోచక, సీసా ఉన్న పిట్టగోడ వైపే పోబోతుంటే నేను పిలిచానట. "అక్కడే ఆగు, ఆ చిన్న వాల్ దగ్గరికి పోవద్దు, ఇటు వచ్చి కూర్చో అని నువ్వే చెప్పింది కదా" అంది. మంచులో నేను కనబడలేదట, గొంతు మాత్రం పెద్ద గోడకి అవతలి నుంచి వచ్చిందట. అరుగు మీద కూర్చోమన్నానట, కూర్చుందట. లేచి అటు వస్తానంటే వద్దన్నానట. అంతసేపూ ఏవేవో కబుర్లు చెప్పానట. మధ్యలో, "డాడీకి లేట్ అవుతుంది, రోడ్ ఆపేశారు అని చెప్పావ్ కదా మమ్మీ" అంది.

హన్నా ఆ రోడ్డు పనులు చూడలేదు. అవి ఆ చోటు దాటాక ఉన్నాయి.

వ్యాన్ కదిలేముందు నేను దిగి, గోడ అవతలికి వెళ్ళి చూడాలనుకున్నాను. వెళ్ళలేకపోయాను. పక్కనుంచి వంగి చూస్తే గోడ పునాది దగ్గరే కొండ తెగిపోయి ఉంది. మొండిగడ్డి నాలుగు కుదుళ్ళు, తర్వాత గాలి, కింద రాళ్ళు. అక్కడ మనిషి నిలబడే చోటు లేదు.

టూర్ అక్కడితో ఆపేసి తిరిగొచ్చేశాం. ఆ పై ఆదివారమే అన్నయ్య చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు. దేవదూత బిడ్డని కాపాడాడని. అందరూ చప్పట్లు కొట్టారు. కాఫీ దగ్గర ఆయన్ని పట్టుకుని అడిగాను. సరే అన్నయ్యా, గోడ దగ్గర ఉన్నది దూతే అనుకుందాం. మరి మా వ్యాన్‌లో, పెట్టుకున్నా మమ్మీ అన్నది ఎవరు? అది పలక్కపోయి ఉంటే నేను మొదటి మలుపులోనే బండి ఆపించేదాన్ని. నా బిడ్డని అరగంట సేపు కొండ అంచున వదిలేసేలా చేసింది ఆ గొంతే. అది కూడా దూతేనా? ఇద్దరూ ఒకరేనా? ఒకరే అయితే అదేం పని?

"అన్నీ మనకి అర్థం కావాలని లేదు చెల్లెమ్మా" అన్నారు. కేకు ముక్క తీసుకుని వెళ్ళిపోయారు.

విజయ్‌ది ఇంకో దారి. మనం జవాబు వస్తుందనుకున్నాం కాబట్టి వచ్చినట్టు అనిపించిందంటారు. హన్నా భయంలో నా గొంతు ఊహించుకుందంటారు. రోడ్డు పనుల సంగతి ముందే ఎక్కడో బోర్డు మీద చదివి ఉంటుందంటారు. బెల్ట్ అంతకుముందు జెస్సీ ఆటగా పెట్టి ఉంటుందంటారు. ఒక్కోటి విడిగా చూస్తే నిజమే కావచ్చు. కానీ ముగ్గురం కలిసి ఒకే మాట ఎలా విన్నాం అంటే లాప్‌టాప్ తెరుచుకుంటారు. పిల్లల టాబ్లెట్‌లో ఏదైనా వీడియో మోగిందేమో అని నేనే అనుమానపడి అడిగాను. అది సూట్‌కేసులో, ఛార్జింగ్ అయిపోయి ఉంది.

మామ్మగారిని ఒకసారే అడిగాను. ప్యాకెట్ చేతిలోంచి జారి సీటు మీద పడి ఉండొచ్చు కదండీ అన్నాను.

"లేదమ్మా, వేళ్ళు తగిలాయి. చిన్నపిల్ల వేళ్ళే" అన్నారు.

నా దగ్గర ఇంతకంటే లేదు. ఆఫీసులో ఎవరైనా ఇలాంటి రిపోర్ట్ పట్టుకొస్తే మొహం మీదే తిప్పి పంపేదాన్ని. ఎవరూ నమ్మకపోయినా నాకు ఫరవాలేదు, నేనే పూర్తిగా నమ్మలేకపోతున్నాను. రెండు గొంతులు ఉన్నాయా, ఒక్కటేనా, అది మాకు మేలు చేసిందా, ఆటాడుకుందా, ఇప్పటికీ చెప్పలేను. చెప్పగలమనే వాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

గోడ వెనక ఉన్నది నేను కాదని హన్నాకి ఇంతవరకూ చెప్పలేదు. భయపడుతుందని మొదట ఊరుకున్నాను. తర్వాత చెప్పే ధైర్యం లేకపోయింది.

ఈమధ్య ఒక సాయంత్రం, తడి బూట్లతో కార్పెట్ అంతా తొక్కిందని నేను కేకలేస్తున్నాను. అది బూట్లు విప్పి బయట పెట్టి వచ్చింది. నా పక్కన నిలబడి అడిగింది.

"మమ్మీ, ఆ రోజు వాల్ దగ్గర మాట్లాడావ్ కదా, అలా మాట్లాడవా? అప్పుడు నువ్వు నా మీద ఒక్కసారి కూడా అరవలేదు."

ఎలా మాట్లాడానే, నాకు గుర్తులేదు అన్నాను. అది కాస్త ఆలోచించి, గొంతు తగ్గించి, చిట్టితల్లీ అని పిలిచి చూపించింది. నేను దాన్ని ఎప్పుడూ అలా పిలవలేదు. మా ఇంట్లో ఎవరూ పిలవరు.

అప్పటి నుంచి ఎవరూ లేనప్పుడు నాలుగైదుసార్లు ప్రయత్నించాను. కోపం తగ్గించుకుని, మెల్లగా, అది చూపించినట్టే పిలుస్తాను. హన్నా చేస్తున్న పని ఆపి చాలా శ్రద్ధగా వింటుంది. విని, ఇది కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, మళ్ళీ తన పనిలో పడుతుంది.